ఏడో పేరు తర్వాత

పోయిన నెల కోరుట్లలో ఒక ఇంటి గడప దాటి లోపలికి వెళ్లి, అక్కడ బల్ల మీద పెట్టిన పాత టేప్ రికార్డర్‌లోంచి నా తొమ్మిదేళ్ల గొంతు విన్నాను. ఇలా రాస్తే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. క్లాసులో దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని. సిరిసిల్లలో నేనుండే వీధిలో మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడి, పక్కనున్న మనిషి గట్టిగా మాట్లాడితే తప్ప వినబడని చెవులు నావి. అలాంటిది ఆ గొంతును మొదటి పిలుపులోనే గుర్తుపట్టాను. మిట్టమధ్యాహ్నం, వీధి నిండా ఎండ.

నన్ను అక్కడికి పంపింది పేపర్‌లో జిల్లా పేజీ మీద పడ్డ చిన్న వార్త. ఆఫ్రికా మూలాలున్న కుటుంబాలు కొన్ని కలిసి, కోరుట్లలో ఒక పాతింట్లో తమ పెద్దల వస్తువులతో చిన్న మ్యూజియం పెట్టుకున్నాయని రాశారు. ఫొటోలో ఉన్న నీలం తలుపును నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. చిన్నప్పుడు మా ఇంటికీ ఆ ఇంటికీ నడుమ ఉన్నది ఒకే గోడ. వెనకటికి నిజాం కొలువులో గుర్రపు సిపాయిలుగా ఉన్న ఆఫ్రికా మనుషుల సంతతి వాళ్లు. హైదరాబాదు నుంచి ఎప్పుడో ఒక కుటుంబం ఇటొచ్చి, పెళ్లిళ్లకూ పీర్ల పండుగకూ మర్ఫా డప్పులు వాయించి బతికింది. ఊళ్లో అందరూ ‘హబ్షోళ్ల ఇల్లు’ అనేవాళ్లు. మేమూ అలాగే అనేవాళ్లం, అందులో తప్పేమైనా ఉందేమో అని ఒక్కరోజూ ఆలోచించలేదు. నలభై ఏళ్ల పైచిలుకు నేను ఆ వీధి మొహం చూడలేదు, చూడకపోవడానికి కారణం నాకు బాగా తెలుసు.

మ్యూజియానికి రెండే గదులు, వెనక ఇంటివాళ్ల కాపురం. వస్తువుల కింద చీటీలు, ఏది ఎవరిచ్చారో చేత్తో రాసినవి. ఒరలోంచి రాని కత్తి, ఒక సిపాయి తోలు నడికట్టు, తోలు వదులైపోయిన మర్ఫాలు, పొడుగు పళ్ల చెక్క దువ్వెన, గోడంతా ఫొటోలు. తాడుతో బిగించిన గల్ఫ్ పెట్టె ఒకటి, దాని మీద రంగుతో పెద్ద అక్షరాలలో రాసిన అడ్రసు. అన్నీ చూపించినవాడు ఆ ఇంటి కొడుకు సలీం. నేను ఆ వీధి విడిచేనాటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. నేనెవరినో వాడికి తెలియదు, నేనూ చెప్పలేదు. రెండో గదిలో ఎదురుగోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఏడు పేర్లు రాసి ఉన్నాయి. మబ్రూక్, జుమా, ఫరాజ్, సైదా, మర్జాన్, అల్మాస్, బఖీత్. ఆ కింద గోడంతా తెల్లగా సున్నం వేసి వదిలేశారు.

“గివి మా నానిమా పాటల ఉన్న పేర్లు అక్కా” అన్నాడు సలీం. “ఆమె పాడుతుంటె ఎవలికీ సమజ్ కాకపోయేది. మా నాయిన గల్ఫ్‌ల ఉన్నప్పుడు ఆయన రూంల ఆఫ్రికా జంజిబార్ ఆయన ఒకడుండె. టేపు ఇని ఏడ్సిండట. గివి మనుషుల పేర్లు, పడవల తీసుకస్తుంటె తొవ్వల సచ్చిపోయినోళ్లయి, మిగిలిన కడమోళ్లేరి అని అడిగిండట. కడమోళ్లు మాకెక్కడ ఎరుక? మా తానున్నది గీ ఏడే.”

అంటూ టేపు పెట్టాడు. నానిమా గొంతు వచ్చింది, లోతైన గొంతు, ఒక్కో మాటనూ సాగదీసి దింపుతూ. ఏడో పేరు ముగుస్తుండగా టక్కుమని శబ్దం. ఆ వెంటనే నేను. “బాపూ... బాపూ, నేను సుగుణను. ఏడున్నవే? నీ మోకు ఎవలికి ఇయ్యనిస్తలేను. అమ్మ సరిగ్గ బువ్వ తింటలేదు. నువ్వు ఏం తేకున్నా మంచిదే, ఉత్తగనే రా.” ఆ తర్వాత మాటల్లేవు. ఎవరివో పరుగెత్తే అడుగులు, కోడి అరుపు, చాలాసేపు ఖాళీ గది చప్పుడు. ఎక్కడో ఒక దగ్గు, గుసగుసగా ఏవో మాటలు. చివర్లో టేపు అయిపోయి మీట పైకి లేచిన శబ్దం.

“చూసెటోళ్లు గిక్కడికి రాంగనే బుగులు వడ్తరు” అని సలీం నవ్వాడు. “మా ఇంట్ల సచ్చిన పిల్ల అంటరు కొందరు. సుగుణ అని మా ఇండ్లల్ల ఎవలుంటరు? అమ్మను అడిగితె టేపును ముట్టకురా అంటది, గంతే. ఇగ అచ్చె నెల హైదరాబాద్ నుంచి మిషన్లు తెలిసినాయన అస్తుండు. గీ పిల్ల గొంతు తీసేస్తె కింద పాట ఉంటదంటుండు. గోడ నింపుత అక్కా, ఒక్క పేరు సుత ఇడువ.” వాడి కళ్లల్లో ఆశ చూశాను. మంచినీళ్లు అడిగి అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను. ఆ పిల్ల గొంతు కింద ఏమీ లేదని ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను.

మా నాయిన, టేపులో నేను బాపూ అని పిలిచింది ఆయననే, కల్లు గీసేందుకు తాళ్లు ఎక్కేవాడు. మా ఇంటికి కల్లు వాసన, ఆ ఇంటికి లోబాన్ సాంబ్రాణి వాసన. రెండూ గోడ మీద కలుసుకునేవి. పొద్దున్నే నాయిన నడుముకు చెట్టెక్కే మోకు చుట్టుకుని, కత్తులున్న ముస్తాదు భుజానేసుకుని బయల్దేరే వేళకు, గోడవతల సలీం తండ్రి ఇబ్రహీం చాచా పొయ్యి సెగకు మర్ఫా తోళ్లు కాస్తూ ఉండేవాడు. వేడెక్కిన తోలు వాసన మా అమ్మకు పడేది కాదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అదే కొంగులో పెరుగు గిన్నె దాచుకుని వాళ్లింటికి ఇచ్చి వచ్చేది. వరుసగా వానల్లేక తాళ్లు కల్లు పారడం మానేశాక నాయిన మోకును చిలక్కొయ్యకు తగిలించి గల్ఫ్‌కు పోయాడు. అంతకు ముందే ఇబ్రహీం చాచా పోయాడు. కొన్నాళ్లకు మా వీధిలో మీసాలున్న మొహం కనబడాలంటే ముసలివాళ్లే దిక్కయ్యారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పలేను. ఆడవాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు, ఎందుకో.

అప్పుడు ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోతుంటే వాడి వెంట క్యాసెట్ వెళ్లేది, ఇంకొకడు వచ్చేటప్పుడు జవాబు దాంట్లోనే నింపుకుని తెచ్చేవాడు. ఎవరింటి క్యాసెట్ పోతున్నా వీధిలోవాళ్లు వచ్చి తలా రెండు మాటలు అందులో వేసేవాళ్లు. “మా ఆయన అక్కడ కనబడితే వినిపించు” అని. అలా వేయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. బస్సులో పక్కకు జరగమన్నట్టే, కొంచెం జాగా ఇమ్మంటే చాలు. మా చిన్నపిల్లల బుర్రల్లో క్యాసెట్ అంటే ఎన్ని గొంతులైనా పట్టే సంచి. కొత్త మాట పడితే పాత మాట చెరిగిపోతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

నానిమా ఇబ్రహీం చాచాకు తల్లి. వీధంతా ఆమెను నానిమా అనే పిలిచేది. చాలా పొడుగు మనిషి, ఆ నీలం తలుపులోంచి వంగితే తప్ప బయటికి రాలేకపోయేది. కళ్లు బూడిద రంగు. ఎప్పుడూ పాన్ నములుతూ ఉండేది. నడిస్తే అడుగుల చప్పుడు వచ్చేది కాదు. గోడ నీడలో కూచుని గచ్చకాయలు ఆడుకుంటున్న మేం ఉన్నట్టుండి తల ఎత్తితే ఆమె మా పక్కనే నిలబడి ఉండేది, ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. పిల్లలు ఆమె నీడ తొక్కకుండా తప్పుకునేవాళ్లు. నేను మాత్రం ఆమె వెనకే తిరిగేదాన్ని, ఆమె తన పొడుగు దువ్వెనతో నా తల దువ్వేది కాబట్టి.

బేస్తవారం మధ్యాహ్నం ఆమె నేల తుడిచి, ఖాళీ చాప పరిచి, లోబాన్ వేసి పాడేది. ఆ చాప మీద ఎవరూ కూచునేవాళ్లు కాదు. తానూ కూచునేది కాదు, దానికి ఎదురుగా కింద కూచునేది. పాట సాగినంతసేపు ఇంట్లో ఎవరూ పెదవి కదపరు. ఒకసారి నేను తలుపు చాటు నుంచి చూస్తుంటే చాప కొస కొద్దిగా కిందికి అణిగింది. గాలి అనుకోవడానికి అది పైకి లేవలేదు, అణిగింది. పాటకు అర్థం ఏందని అడిగితే “నాకేం ఎరుక బిడ్డా, మా అమ్మ పాడింది, నేను పాడుతున్న” అనేది. అలా అంటూ మొహం అటు తిప్పుకునేది.

నాయిన దగ్గర్నుంచి మొదట మూడు క్యాసెట్లు వచ్చాయి, తర్వాత రాలేదు. పనిలో పెట్టుకున్న ఆసామి దగ్గర్నుంచి పారిపోయాడని, కాగితాలు లేకుండా ఎక్కడో తిరుగుతున్నాడని వచ్చినవాళ్లు చెప్పారు. ఇంకొకరు అసలు బతికే లేడని కూడా అన్నారు. అమ్మ ఆ మాట అన్నవాళ్ల ఇంటి వైపు చూడటం మానేసింది. జగిత్యాల బస్సు వచ్చే వేళకు ఏదో పని పెట్టుకుని వాకిట్లో నిలబడేది, అందరూ దిగిపోయాక లోపలికి వచ్చి పొయ్యి ఊదేది. అన్నం వండేది గానీ తినేది కాదు. పగలు మోకు గోడకు తగిలి చిన్నగా చప్పుడైనా ఇద్దరం అటు చూసేవాళ్లం.

అలాంటి రోజుల్లో ఇబ్రహీం చాచా సెలవు మీద వచ్చాడు. తిరిగి పోయే ముందు తల్లిని బతిమాలాడు. అక్కడ ఒంటరిగా ఉంటుంది, నీ పాట పట్టుకుపోతానని. ఆమె చాలారోజులు ఒప్పుకోలేదు. మిషన్‌లోకి ఎక్కిన గొంతు మనిషిలో ఉండదని ఆమె భయం. చివరికి ఒక బేస్తవారం కొడుకు కోసం పాడింది, మొదటి నుంచి చివరి దాకా, లోబాన్ ఆరిపోయేదాకా. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఇబ్రహీం చాచా మీటలు ఎలా నొక్కాడో చూశాను.

మర్నాడు శుక్రవారం. చాచా నమాజుకు పోయాడు. వంటింట్లో జైబున్ చాచి, అంటే అతని భార్య, మసాలా నూరుతున్న చప్పుడు. నానిమా మూల మంచం మీద గోడ వైపు తిరిగి పండుకుని ఉంది. టేప్ రికార్డర్ బల్ల మీద ఉంది, అందులో రేపు గల్ఫ్ పోయే క్యాసెట్ ఉంది. నాకు అదొక్కటే కనబడింది. పాట ఎక్కడి దాకా వచ్చిందో చూద్దామని మొదట్నుంచి మెల్లగా పెట్టి విన్నాను. కొంతసేపయ్యాక ఇక ఆగలేక, రెండు మీటలు కలిపి నొక్కి నాయినను పిలిచాను. మాటలు అయిపోయాక ఎలా ఆపాలో గుర్తు రాలేదు. వంటింట్లో రోలు చప్పుడు ఆగింది. దొరికిపోతానని దాన్ని అలాగే తిరగనిచ్చి పరుగెత్తాను.

ఇబ్రహీం చాచా వెళ్లిపోయాడు. తర్వాతి బేస్తవారం గోడవతల పాట లేదు. ఆ పై బేస్తవారం కూడా లేదు. చాప పరిచి ఉండేది, లోబాన్ పొగ మా ఇంట్లోకి వచ్చేది, పాట మాత్రం వచ్చేది కాదు. పాట ఉండాల్సిన ఆ మధ్యాహ్నం అంత భయంకరంగా ఉంటుందని నాకు ముందు తెలియదు. మరుసటి ఏడు వానాకాలం మొదట్లో నానిమా పోయింది. ఆ తర్వాతే, మా ఇంటి క్యాసెట్ మీద ఎవరో పాట ఎక్కించి అమ్మ మాటలు చెరిపేసినప్పుడు, నేను చేసిందేమిటో నాకు అర్థమైంది. నేనే ఆమె గొంతు తీసేశాను అనుకున్నాను. మాట్లాడటం మానేశాను. మా అమ్మ నాకు గాలి సోకిందని కొండగట్టు తీసుకుపోయి అంజన్న గుడిలో పదకొండు దినాలు ఉంచింది. అక్కడ జుట్టు విరబోసుకుని ఊగే ఆడవాళ్ల నడుమ కూచుని, చాప ముందు కూచున్నట్టే, ఖాళీ జాగాలను చూస్తూ ఉండిపోయాను.

అంజన్న మొక్కు ఫలించిందని అమ్మ చచ్చేదాకా నమ్మింది. ఎందుకంటే కొండ దిగి వచ్చిన కొన్నాళ్లకే నాయిన ఇంటికి వచ్చాడు, ఒక్క సంచి కూడా లేకుండా. ఎముకల మీద చర్మం. ఎలా వచ్చావంటే చెప్పేవాడు కాదు. నన్ను చూస్తే మాత్రం ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి పోయేవాడు. ఆ ఏడే అమ్మ పుట్టిల్లు బుగ్గారానికి మారిపోయాం. ఇప్పుడు సిరిసిల్లలో మా వీధి పిల్లలు గల్ఫ్‌లో ఉన్న తండ్రి మొహం ఫోన్‌లో చూస్తూ, అన్నం తినకుండా మారాం చేస్తూ మాట్లాడతారు. మాట చెరిగిపోతుందన్న భయం వాళ్లకు లేదు. దుబాయి నుంచి శవపెట్టెలు మాత్రం ఇప్పుడూ వస్తూనే ఉన్నాయి. పోయిన సంవత్సరం ఎల్లారెడ్డిపేటలో నా పాత విద్యార్థి పెట్టె వచ్చింది. ముందు రోజు దాకా ఫోన్‌లో మాట్లాడాడట.

మంచినీళ్ల గ్లాసు తెచ్చిన సలీంతో చెప్పేశాను. “ఆ పిల్లను నేనే సలీం. గోడవతలి గౌడోళ్ల సుగుణను. మిషన్లాయనను రావద్దను. గొంతు కింద పాట లేదు. నేనే చెరిపిన.” వాడికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి చూపు నా మీద నుంచి గోడ మీదికి, ఆ తెల్లటి ఖాళీ మీదికి పోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

“ఎవల్లా? సుగుణనా?” లోపలి గదిలోంచి గొంతు. జైబున్ చాచి ఆ గదిలోనే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. గోడ పట్టుకుంటూ వచ్చింది. కళ్లు పోయినట్టున్నాయి, నా మొహం తడిమి చూసింది. “నలభై ఏండ్ల సంది గీ మాట కడుపుల వెట్టుకున్న బిడ్డా. ఫలానోళ్ల పిల్ల పాట చెడగొట్టింది అని ఊరంత అంటదని, నానిమా ఎవలికి చెప్పొద్దన్నది.”

“నానిమాకు ఎరుకనా చాచీ?” అన్నాను.

“ఆమె పండుకోలె బిడ్డా. మంచం మీద లేసి కూసోని నిన్ను సూసుకుంటనే ఉన్నది. నువ్వు ఉరికినంక నేను లోపలికి అచ్చిన. మీట కిందికి ఉన్నది, ఆపబోయిన. నా చెయ్యి పట్టుకున్నది. బతికున్నోన్ని పిలిచింది పిల్ల, గీ పిలుపెనుక ఇగ మావోళ్ల పేర్లు రావొద్దు, అస్తే వాడు గూడ వాళ్లల్ల లెక్కవడ్తడు అన్నది. ఆఖరిదాంక తిరగనిచ్చింది. టేపుల దగ్గిందెవలనుకున్నవ్? ఆమెనే. నాకు గప్పుడు సమజ్ కాలె. అయి సచ్చినోళ్ల పేర్లు అని తెలిసినంక సమజయింది.”

బయట ఆటో ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. చాచి నా చెయ్యి వదల్లేదు. “మీ చాచా అక్కడ టేపు ఇన్నడు. పాట పాయె అని ఒక్కదినం ఏడ్సిండట. మల్ల ఆయనకు ఇంటికి రానీకె సెలవు దొరికింది. రాలె. టేపు చేతుల వట్టుకోని మీ నాయినను దేవులాడిండు. ఏడనో ఇసుకల గొర్లు మేపుతుండట మీ నాయిన. ఏం మొఖం పెట్టుకోని పోవాలె, ఉత్తచేతులతోని పోలేనని మొండికేసిండట. నీ మాట వినిపిచ్చిండు. ఉత్తగనే రా అంటివి కద. గంతే, లేసి అచ్చిండు. ఎంబసీ చుట్టు తిరిగి కాయిదాలు చేపిచ్చేసరికి చాచా సెలవు అయిపోయింది. గదే సెలవుల ఇక్కడ నానిమా పోయింది. అచ్చి ఉంటె మల్ల పాడిపిచ్చుకుంటుండె, మట్టి సుత ఇస్తుండె. మీ నాయిన అచ్చిననాడు బస్సు దిగి మీ ఇంటికి రాలె, మొదలు మా ఇంటికి అచ్చిండు. గీ నేల మీద పడి ఎంతసేపు ఏడ్సిండో.”

నేను ఏడ్చాను. అంత వయసు దాన్ని, పరాయి ఇంట్లో, ముక్కు కారుతుండగా ఏడ్చాను. మా నాయిన ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు. నా పెళ్లి చేశాడు, నా పిల్లల్ని భుజాల మీద తిప్పాడు, తాళ్ల మీంచి ముంజలు దింపి తినిపించాడు. ఆ ముప్పై ఏళ్లకు బదులు ఈ గోడ మీద ఖాళీ మిగిలింది. ఎంతమంది పేర్లో కూడా ఇక ఎవరికీ తెలియదు. ఏ సముద్రంలోనో పోయినవాళ్లను ప్రతి బేస్తవారం పిలిచి చాప వేసిన ఒకే ఒక మనిషి, నా తండ్రి కోసం వాళ్లను పిలవడం మానేసింది. అందుకే ఆ తర్వాత పాడలేదు. గొంతు పోయి కాదు.

చాచి కొంగుతో నా మొహం తుడిచి “ఊకో బిడ్డా, నానిమా మనసుతోటి ఇచ్చింది” అంది. సలీం టేపులోంచి క్యాసెట్ తీశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“నానిమా గనుక ఊకున్నది అక్కా” అన్నాడు. “నేనైతె మీట ఆపుదును.”

“నీ జాగాల నేనున్నా ఆపుదును సలీం” అన్నాను.